ఓడకు ముందర తాడు

"ముందర తాడు మాత్రం నువ్వు కట్టొద్దే. నేనొచ్చి కడతా" అన్నాడు మా ఆయన, తిరువళ్ళూరు ఆస్పత్రిలో మంచం మీద పండుకోని.

"నువ్వు కట్టేది, నేను విప్పి మళ్ళా కట్టేది. ఈ వయసులో అదెందుకయ్యా రెండు పన్లు" అంటి.

అన్నాక నాలుక కరుచుకుంటి. ఆయన వేసిన ముడి నేను విప్పి మళ్ళా వేస్తానని ఆ పొద్దు దాకా ఆయనకు చెప్పింది లేదు. ఏండ్ల తరబడి దాచిన మాట.

"తెలుసులే" అన్నాడు.

ఎప్పట్నించి తెలుసు అని అడగబోతి. నర్సమ్మ వచ్చి, చూసింది చాలు బయటికి పొమ్మా అనింది. బయట బెంచీ మీద కూర్చుంటి. మళ్ళా మాకు మాట లేదు.

ఆ ముందర తాడు మా ఆయన చేసిన ఆఖరు ఓడది. చెక్క ఓడ. నీళ్ళలో పోయేది కాదు, అద్దాల పెట్టెలో కూర్చునేది. దాని తాళ్ళన్నీ నేను కట్టేసినాను, ముందర తాడు ఒక్కటే మిగిలింది. ఆయన పోయినాక దాన్ని ఎవరు కట్టాలనేది పెద్ద పంచాయితీ అయి కూర్చుంది.

మద్రాసులో ఇట్లాంటి ఓడలు చేసుకునే పెద్దమనుషుల సంఘం ఒకటుంది. వాళ్ళు పుస్తకం వేస్తారంట. "మీ ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమ్మా" అన్నారు. ఆయన గురించి మంచి మాటలు చెప్పేవాళ్ళు చానామంది ఉండారు, వాళ్ళను అడగండి. నేను నా పని గురించి చెప్తా. తాళ్ళ పని నేర్పమని ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు అడగతా ఉండారు, వాళ్ళకు పనికొస్తుంది. నాకు చదువు రాదు. సంతకం పెడతా, బస్సు మీద ఊరి పేరు గుర్తుపడతా, అంతే. నా తమ్ముని కూతురు శాంతి ఆర్.కె.పేట పక్క తెలుగు బడిలో చదివింది, అది రాస్తా ఉంది. బాగు చేసి రాయొద్దు బిడ్డా. చెప్పింది చెప్పినట్లే రాయి.

పని ఏమిటంటే

ఉద్యోగం అయిపోయిన పెద్దమనిషికి డాక్టరు చెప్తాడు, మనసుకు ఏదన్నా పని పెట్టుకో సామీ, లేకపోతే బీపీ తగ్గదు అని. ఆయన పోయి దేశం కాని దేశంనుంచి ఒక పెట్టె తెప్పిస్తాడు. పెట్టెలో చీపురుపుల్లల మాదిరి చెక్కలు, ఒక పెద్ద పటం, దారపు ఉండలు. వెనకటి కాలం ఓడ. మూడు కంబాలు, అదే తెరచాపలు కట్టే నిలువు కర్రలు, వాటికి అడ్డకర్రలు, సాలెగూడు మాదిరి చుట్టూ తాళ్ళు.

చెక్కలు అంటించే దాకా అందరూ వీరులే. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తారు. ఫోటో తీసి ఫోన్లో పంపుకుంటారు. తర్వాత తాళ్ళు వస్తాయి. ఓడ రెండు పక్కలా నావికులు పైకెక్కే తాళ్ళ నిచ్చెన ఉంటుంది. ఒక్కొక్క మెట్టుకీ ముడి, ఒక్కొక్క ముడీ ఆవగింజంత. అక్కడ వీరులంతా ఆగిపోతారు. ఓడ బీరువా మీదికెక్కుతుంది. దాని మీద దుప్పటి, దుప్పటి మీద దుమ్ము.

అప్పుడు ఆ ఇంటి ఆడమనిషి నాకు ఫోన్ చేస్తుంది. "అమ్మా, మా ఇంట్లో ఒక ఓడ సగంలో నిలిచిపోయింది." నా చేతికి వచ్చిన ఓడల్లో మగవాళ్ళు తెచ్చినవి తక్కువ. పెళ్ళాలు తెచ్చినవే ఎక్కువ, వాళ్ళలోనూ మొగుడు పోయినాక తెచ్చినవాళ్ళు కొందరు. అంబత్తూరునుంచి ఒకామె వచ్చి నా ముందర పెట్టి ఏమన్నదో తెలుసా. "మా ఇంటాయన నాతో మాట్లాడినదానికంటే దీంతో మాట్లాడిందే ఎక్కువ. తొందరగా కట్టి ఇచ్చేయి తల్లీ, ఎవరికన్నా ఇచ్చేస్తా." కట్టి ఇచ్చినాను. ఇప్పటికీ ఎవరికీ ఇయ్యలేదు. హాల్లో టీవీ పక్కన పెట్టుకోని రోజూ తుడుస్తుంది.

మా ఆయనకు ఈ పురుగు యాడ పట్టిందంటే, ఆవడి ఫ్యాక్టరీలో. ఆయన అక్కడ చెక్క అచ్చులు చేసేవాడు. ఒక ఆఫీసరుకు ఈ ఓడల పిచ్చి. చెక్కలు సన్నగా చీల్చి ఇమ్మని మా ఆయన్ని పిలిపించుకునేవాడు. ఆఫీసరు ట్రాన్స్‌ఫరై ఉత్తరదేశం పోయినాడు, పురుగును మాత్రం ఆవడి పక్కన పట్టాభిరాములో మా ఇంట్లో వదిలిపెట్టి పోయినాడు. సముద్రం మీద పోయే ఓడలు చేసే ఈ మహానుభావుడు ఒకసారి పులికాట్లో పడవెక్కి, గట్టు కనపడతా ఉండంగానే కక్కుకున్నాడు. అది కూడా పుస్తకంలో వేయండి.

నేను పెండ్లికి ముందర తిరుత్తణి కొండ కింద పూలు కట్టేదాన్ని. అరిటినారు వేలికి చుట్టి, రెండు పూలు ఇటు, రెండు పూలు అటు, ఒక మెలిక, ఒక లాగుడు. చూడకుండా కట్టాల, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడతా కట్టాల. మా ఆయన మొదటి ఓడకు తాళ్ళ నిచ్చెన కాడ కూర్చోని, చెమటలు కారిపోతా, ఒక్క మెట్టు కట్టలేక పటాన్ని తిడతా ఉండాడు. నేను పోయి చూస్తి. అది మా పూల ముడే. పూలు లేవు, అంతే.

"జరుగు" అంటి. జరిగినాడు. అట్ల మొదలైంది నా ఉద్యోగం.

తడి దారం

మొదటి ఓడకే చెయ్యి తిరిగేసరికి నాకు తల తిరిగింది. ఇందులో ఏముంది, మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా కడతారు అనుకుంటి. రెండో ఓడ ఒక పంటి డాక్టరుది. ఆయన చానా సంతోషంగా తెచ్చి ఇచ్చినాడు, దాంతోబాటు పళ్ళు పీకే సామాన్లలోనుంచి ఒక సన్న పట్టకారు ఇచ్చినాడు. ఆ పట్టకారు ఈ పొద్దు కూడా నా కాడే ఉంది.

పూలు కట్టేవాళ్ళెవరూ ఎండు నారుతో కట్టరు. నారును నీళ్ళలో వేసి, మెత్తబడినాక కడతారు. నేనూ దారపు ఉండలన్నీ చెంబు నీళ్ళలో నానేసినాను. తడి దారం వేలికి ఎంత బాగా అతుక్కుంటుందో. బిర్రుగా లాగి కట్టినాను. వీణ తీగల మాదిరి నిలిచినాయి. మా ఆయన చూసి నోరెళ్ళబెట్టినాడు. డాక్టరు తీసుకోనిపోయి క్లినిక్కులో పెట్టుకున్నాడు.

ఎండాకాలం వచ్చింది. నూలు దారం తడిలో పొట్టిదవుతుంది, ఎండితే సాగుతుంది. అది నాకేం తెలుసు. నారుకు ఆ గుణం ఉన్నా పూలమాలకు కనపడదు, సాయంకాలానికి మాల తీసి పారేస్తారు గదా. డాక్టరు ఫోన్ చేసినాడు. "అమ్మా, ఓడ మీద బట్టలు ఆరేసుకోవచ్చు, అట్ల ఉండాయి తాళ్ళు."

అప్పుడు వచ్చినాడు కెప్టెన్ సారు. ఆ సంఘానికి పెద్ద ఆయనే. వాళ్ళందరిలో నిజం ఓడ ఎక్కి సముద్రం తిరిగినవాడు ఆయనొక్కడే, తక్కినవాళ్ళంతా మెరీనా బీచిలో సుండల్, అదే గుగ్గిళ్ళు, తిన్నవాళ్ళు. దారాన్ని వేళ్ళతో నలిపి చూసి, "ఏం చేసినావమ్మా దీన్ని" అన్నాడు. నానేసినాను సార్ అంటి. ఆయన నవ్వినాడు. నిలబడి నవ్వలేక కుర్చీ లాక్కోని కూర్చోని నవ్వినాడు. నవ్వు అయిపోయినాక చెప్పినాడు: దారం పొడిగానే ఉండాల, తేనెమైనం గడ్డ మీద లాగాల, మైనం పట్టిన దారానికి ఎండా వానా అంతగా తెలియదు.

తిట్టి ఉంటే మరిచిపోయి ఉందును. నవ్వినాడు గనకే మైనం ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ ఓడ తాళ్ళన్నీ కోసేసి మళ్ళా కట్టినాను, ఏడస్తా.

పనికి వచ్చే బిడ్డలు ఇది వినండి. మీ చేతికి ముందే వచ్చిన పని ఏదో ఒకటి ఉంటుంది. జాకెట్టు హుక్కులు కుట్టేదో, పూలు కట్టేదో, జడ వేసేదో. అది మిమ్మల్ని సగం దాకా మోస్తుంది. తక్కిన సగంలో ముంచేది కూడా అదే. ఇంకొకటి. ఇంట్లో కొట్లాడి వచ్చి తాడు కట్టొద్దండి. తెలియకుండానే గట్టిగా లాగతారు, కంబం వంగిపోతుంది. మా ఇంట్లో వంగిన కంబాలు ఎన్నున్నాయో నేను చెప్పను.

మా బాసు

నాకు బాసు మా ఆయనే. వేరే ఆఫీసు ఏముంది. నా మీద అరిచేవాడు కాదు, అది ఒప్పుకోవాల. కానీ ఒక రోగం ఉండేది. ఎన్ని తాళ్ళు నేను కట్టినా, ఆఖరు తాడు ఆయనే కట్టాల. అదే ముందర తాడు. ముందర కంబం తలనుంచి ఓడ మూతి దాకా వచ్చేది. అది కట్టినప్పుడే కంబం నిటారుగా నిలుస్తుంది, ఓడ ముగిసినట్లు.

ఆ పొద్దు ఓడ సొంతదారుని పిలిపిస్తాడు. తెల్లచొక్కా వేస్తాడు. ఓడ కింద నాలుగు పక్కలా నిమ్మకాయలు పెడతాడు, కొత్త లారీకి పెట్టినట్లు. కర్పూరం, టెంకాయ. అప్పుడు వంకాయల్లాంటి వేళ్ళతో ఆ తాడు ముడి వేసి, "ముగిసింది సార్" అంటాడు. ఆ సారు ఈయన చేతులు పట్టుకోని, "మీరు మనిషి కాదు, శిల్పి" అంటాడు. నేను లోపల కాఫీ కలపతా ఉంటా. తాళ్ళు ఎవరు కట్టినారని ఒక్క సారూ అడగలేదు. ఒకసారి ఒకాయన అడిగినాడు, కాఫీలో చక్కెర ఎవరేసినారని.

ఆ ముడి నిలిచేది కాదు. రెండు రోజులకు జారి, కంబం వెనక్కి వాలతుంది. కంబం వాలితే నా తాళ్ళు వదులవుతాయి, చెడ్డపేరు నాకు. అద్దాల పెట్టె తయారయ్యేదాకా ఓడ మా ఇంట్లోనే ఉంటుంది. ఆయన డ్యూటీకి పోతూనే నేను ఆ ముడి విప్పి, నా ముడి వేసేదాన్ని. చెప్పొచ్చు గదా అంటావు శాంతీ. తెల్లచొక్కా వేసుకున్న మనిషికి ఎట్ల చెప్పేది?

మొదట్లో ఆ ముడి విప్పాలంటే ప్రాణం పోయేది. ముద్ద. సూదిమొన పెట్టి పెళ్ళగించాల. ఒకసారి విప్పలేక కోపంతో కత్తెర పెట్టి కోసేస్తి. తాడు పొట్టిదైపోయింది. కొత్త తాడు పేని, రంగు పెట్టి, ఆరబెట్టేలోపల ఆయన ఇంటికి వచ్చేసినాడు.

"ఏమైంది ముందర తాడు?"

"పిల్లి కొరికేసింది" అంటి.

మా ఇంట్లో పిల్లి లేదు. పక్కింట్లోనూ లేదు. ఆయన ఓడను కొంచెంసేపు చూసి, "పాపం, పిల్లికి పళ్ళు నొప్పి పుట్టి ఉంటాయి" అని కాళ్ళు కడుక్కోను పోయినాడు. ఇంత వెర్రిమనిషిని ఫ్యాక్టరీలో ఎట్ల పెట్టుకున్నారో అనుకుంటి.

తర్వాత్తర్వాత నాకు ఆ ముడి తేలికైపోయింది. కొసను పట్టి ఒక లాగు లాగితే జర్రున వచ్చేసేది, దారం నలగకుండా. నా చెయ్యి అంత తిరిగిందని మురిసిపోతి.

రైల్లో ఓడ

ఆయన రిటైరైనాక తిరుత్తణికి మారినాము. ఓడల్ని మద్రాసుకు లోకల్ రైల్లోనే తీసుకోనిపోయేవాళ్ళం, కారు పిలిస్తే స్పీడుబ్రేకర్ల మీద కంబాలు ఊడిపోతాయని. ఒకసారి ఒక ఓడను రిపేరుకని వెనక్కి తెస్తా ఉండాము. ఆ పొద్దు ఆడికృత్తిక, తిరుత్తణి మురుగనికి మొక్కు కావళ్ళెత్తే పండగ, అని ఇద్దరికీ గుర్తులేదు. రైలంతా కావళ్ళు, పచ్చగుడ్డలు, గుండ్లు. మా ఓడ మీద దుమ్ము పడకుండా నేను కప్పింది కూడా పచ్చగుడ్డే, ఇంట్లో అదే దొరికింది. జనం తోస్తా ఉంటే మా ఆయన ఓడను భుజం మీదికెత్తుకున్నాడు.

ఎవరో "అరోహరా" అన్నారు. రైలు పెట్టెంతా అరోహరా. దారి విడిచిపెట్టినారు. ఒక ముసలామె గుడ్డను కండ్లకద్దుకోని, "ఏం మొక్కు నాయనా?" అనింది.

మా ఆయన నా పక్క చూసి, "ఈమె నోరు తగ్గాలని" అన్నాడు.

"ఇంత పెద్ద కావడి ఎత్తినావు, తప్పకుండా తగ్గుతుందిలే" అని ఆమె దీవించింది. మురుగనికి కూడా చేతకాలేదు, చూస్తా ఉండారు గదా.

ఆదివారం

ఆయన పోయినాక సంఘంవాళ్ళు మాట్లాడుకున్నారంట. ఆఖరు ఓడను మద్రాసులో ఎగ్జిబిషన్లో పెడతారు. దానికి ముందర కెప్టెన్ సారు మా ఇంటికి వచ్చి, అందరి ముందర, ఆ ముందర తాడు తన చేత్తో కట్టి ఓడను ముగిస్తాడు. వీడియో తీస్తారు. అది మా ఆయనకు మర్యాదంట. నన్ను అడగలేదు, చెప్పినారు. కాఫీకి ఎంతమంది వస్తారో కూడా చెప్పినారు.

కెప్టెన్ సారు చెడ్డవాడని నేను అనను. ఆ సంఘంలో ముడి సరిగ్గా వేయగలిగినవాడు ఆయనే. ఇంకొకరిని పొగిడే తావున ఊరికే కూర్చోలేడు, అదొక్కటే. కానీ మా ఆయన ఆఖరు తాడు ఇంకొకరు కట్టి, "ముగిసింది" అని ఇంకొకరు అనేదా? అది నాకు గొంతు దిగలేదు.

ఆదివారం పొద్దున్నే శాంతి అనింది, "వాళ్ళు వచ్చేలోపల నువ్వే కట్టేయత్తా. నీ ముడి వేయి, ఏం చేస్తారో చూద్దాం."

దారానికి మైనం పట్టించి కూర్చుంటి. చెయ్యి లేవలేదు. "నువ్వు కట్టొద్దే" అన్నాడు గదా. నోరు ఎన్నిసార్లు మీరినా, ఆ మాట మీరేదానికి చెయ్యి రాలేదు. కెప్టెన్ కట్టకూడదు, నేను కట్టకూడదు, కట్టకపోతే కంబం వాలిపోతుంది.

అప్పుడు తట్టింది. ఆయన ముడే వేస్తా. ఆ పనికిమాలిన ముడిని ఈ లోకంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? ఎన్నిసార్లు విప్పింటా.

విప్పింటా గానీ, ఎప్పుడూ వేసింది లేదు. వదులుముడి గదా, ఎవరికైనా వస్తుంది అనుకుంటి. రాలేదు. వేస్తే నా ముడి పడతా ఉంది, లేకపోతే ఊరికే ఊడిపోతా ఉంది. ఆయన ముడి పడదే. శాంతి చూస్తానే ఉంది. కడకు, విప్పేటప్పుడు ఎట్ల వచ్చేదో దాన్ని వెనకనుంచి తలుచుకుంటి. కొస లాగితే ముందర ఒక చిన్న మడత బయటికి వస్తుంది, తర్వాత చుట్లు రాలిపోతాయి. అంటే ముందర చుట్లు చుట్టాల. తర్వాత దారాన్ని మడిచి, ఆ మడతను చుట్ల కిందికి దూర్చాల. దూర్చినాక కొసను కొంచెం వదిలి, కంబం వెనక కనపడకుండా దాచాల. వేళ్ళతో కాదు అది. పట్టకారుతోనే అవుతుంది. నా ముడికంటే రెండింతల పని.

ఎవరూ పొరపాటున వేసే ముడి కాదది. నేర్చుకోని వేసే ముడి. అవతలివాళ్ళు ఒక్క లాగుతో విప్పుకునేదానికి, దారం నలగకుండా, కత్తెర లేకుండా.

"ఏమత్తా, అట్ల కూర్చున్నావు?" అనింది శాంతి.

"పిల్లి" అంటి.

"పిల్లేంది?"

ఏం చెప్పేది దానికి? నా చెయ్యి తిరిగిందని మురిసిపోయినాను గదా. తిరిగింది నా చెయ్యి కాదు. నేను కత్తెర పెట్టినాక ఆయన ముడి మార్చినాడు. వంకాయ వేళ్ళు పెట్టుకోని, నేను లేనప్పుడు నా పట్టకారు తీసి, యాడ కూర్చోని నేర్చుకున్నాడో. తెల్లచొక్కా వేసుకోని అందరి ముందర కట్టేది, పక్కరోజు నేను విప్పేదానికి సులువుగా పెట్టేది. నోరు తెరిచి, "ఇంకమీదట నువ్వే కట్టవే" అని ఒక్క మాట అనుంటే పోయేది గదా. అది మాత్రం రాదు. ముడి నేర్చుకున్నాడు గానీ మాట నేర్చుకోలేదు. నేనూ అంతే అనుకో. ఎప్పట్నించి తెలుసు అని ఆయన్ని అడగాలని నాకు ఉండె, జవాబు దారంలోనే ఉండె.

ఆ ముడే వేసినాను.

కెప్టెన్ సారు వచ్చినాడు, వెనక నలుగురు, ఫోన్లు ఎత్తుకోని. ఓడ కాడికి పోయి నిలిచిపోయినాడు. "కట్టేసి ఉందే. పోయేముందే కట్టినాడా ఆయన?"

"ఆయన ముడే సార్" అంటి. అందులో అబద్ధమేముంది.

ఆయన కండ్లద్దాలు సరిచేసుకోని వంగి చూసినాడు. పనితనం తెలిసినవాడు, కనిపెట్టేసినాడు. "ఇది జారుముడి గదమ్మా. లాగితే ఊడొస్తుంది. ఎగ్జిబిషన్ దాకా కూడా నిలవదు. ఉండు, నేను సరిచేస్తా." చెయ్యి చాపినాడు.

"తెలుసు సార్. చెయ్యి తీయండి."

ఫోన్లు పట్టుకున్నవాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

"ఊడిపోతే?" అన్నాడు కెప్టెన్ సారు.

"నాకు ఫోన్ చేయండి. రైలెక్కి వచ్చి మళ్ళా ఇట్లాగే కడతా. ఇది వేసేదానికి ఇంకెవరికీ రాదు."

చెయ్యి తీసినాడు. కాఫీ తాగినాడు. చక్కెర ఎక్కువైందన్నాడు. ఓడను తీసుకోనిపోయినారు, ఇప్పుడు మద్రాసులో అద్దాల పెట్టెలో ఉంది. బోర్డు మీద మా ఆయన పేరొక్కటే వేసినారంట. ఉండనీ. ఓడ చూడను వచ్చినవాళ్ళెవరూ చెక్క చూడరు, తాళ్ళే చూస్తారు. ముడి ఒకసారి జారింది. పోయి కట్టి వచ్చినాను. మళ్ళా జారుతుంది. మళ్ళా పోతా. చార్జీలు సంఘం ఇస్తుంది, నేనే అడిగి పెట్టుకున్నా.

నేర్చుకోను వచ్చే బిడ్డలకు నా ముడే నేర్పిస్తా. ఆయనది నేర్పను. అది పని ముడి కాదు.

చాలు శాంతీ, ఇంతటితో ఆపు. ఏదీ, మొదట్నించి చదువు, విందాం. ఆస్పత్రిలో ఆయన "తెలుసులే" అన్నాడే, అది ఏడుపు గొంతుతో చదవొద్దు. నవ్వుతా అన్నాడు ఆయన. నవ్వుతా చదువు.